అమ్మ చెప్పమంది, నాన్న చెప్పమన్నాడు

తలుపు మూసి పదకొండు నిమిషాలైంది. లోపల అమ్మ, నాన్న, మా క్లాస్ టీచరు ఉన్నారు. బయట బెంచీ మీద నేనున్నాను. ఈ అయిదు నెలల్లో నేను మధ్యలో లేకుండా వాళ్ళిద్దరూ మాట్లాడడానికని ఒక గదిలో కూర్చోవడం ఇదే మొదటిసారి, అందుకే నా అరచేతులు చెమట పట్టి బెంచీ చెక్కకు అంటుకుంటున్నాయి. వాళ్ళు మాట్లాడుకోకపోతే పరవాలేదు, దానికి నేను అలవాటు పడ్డాను. మాట్లాడుకుంటేనే చచ్చాను. అమ్మానాన్నలు మాట్లాడుకోకూడదని గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్న పిల్ల లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. లోపలికి వెళ్ళేటప్పుడు నేనూ వెంట నడవబోయాను. టీచరు నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్విక్కడ కూర్చోమ్మా, తర్వాత పిలుస్తా" అంది. "పరవాలేదు మేడమ్, నేనూ వస్తాను, వాళ్ళకి నేను కావాలి" అన్నాను. "అందుకే బయట కూర్చోమంటున్నాను" అని ఆవిడ తలుపేసుకుంది. ఎదురుగోడ మీద గడియారం మూడూ ఇరవై రెండు చూపిస్తోంది. మైదానంలోంచి ఆటల మాస్టారి ఈల వినిపిస్తోంది, ఎవరో బంతిని గోడకేసి కొడుతున్నారు, కొట్టిన ప్రతిసారీ నా కడుపులో ఏదో కదులుతోంది. నాన్న చెప్పమన్న మాట ఒకటుంది, నేను అమ్మకు చేరవేసిన మాట ఇంకొకటుంది, ఆ రెండూ ఇప్పుడు ఆ తలుపు వెనక ఎదురుపడబోతున్నాయి.

మాది కుట్టు దుకాణం. వీధి వైపు దుకాణం, దాని వెనక నడిమి గది, దాని వెనక వంటిల్లు, రైలుపెట్టెలు తగిలించినట్టు ఒకదాని వెనక ఒకటి. నాన్న కత్తిరిస్తాడు, అమ్మ కుడుతుంది, కాజాల పెద్దమ్మ గుమ్మం పక్కన వెలుతుర్లో కూర్చుని కాజాలు తీసి బొత్తాలు కుడుతుంది. ఆవిడ మాకు చుట్టమేమీ కాదు, నేను పుట్టక ముందు నుంచీ అక్కడే కూర్చుంది కాబట్టి పెద్దమ్మ అయింది. నాన్న బల్లకూ అమ్మ మిషనుకూ మధ్య నా అడుగులతో నాలుగడుగులు. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరికి వినపడేంత దగ్గర్లోనే ఉంటారు, అయినా మాట మాత్రం నా మీదుగానే పోవాలి. "మీ నాన్నకు చెప్పు, ఆ కాలరు గుడ్డకు ఈ జన్మలో మోక్షం ఉందో లేదో" అంటుంది అమ్మ. నేను నాలుగడుగులు నడిచి, "నాన్నా, కాలరు గుడ్డ కావాలట, నీకు వీలైనప్పుడు" అంటాను. ఆ వీలైనప్పుడు అన్నది నాది. "మీ అమ్మకు చెప్పు, కళ్ళు కనపడకపోతే దీపం పెట్టుకు కుట్టమని" అంటాడు నాన్న. నేను వెనక్కి నాలుగడుగులు నడిచి, "అమ్మా, నీకు కళ్ళు లాగుతాయేమో, దీపం వేసుకోమంటున్నాడు నాన్న" అంటాను. అమ్మ నాన్న గొంతు వినలేదా అంటే విన్నది, కానీ మిషను చప్పుడులో సగమే విన్నది, ఆ మిగతా సగంలోనే నేను బతుకుతున్నాను. దీపం మాట చెప్పినప్పుడు అమ్మ కాలు పెడలు మీద ఆగిపోయింది. ఒక్క క్షణం. తర్వాత లేచి దీపం వేసుకుంది. ఆ రోజంతా ఆవిడ కుట్టు తిన్నగా వచ్చింది, నేను ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. అప్పటినుంచీ మానలేకపోయాను. నా పేరు బళ్ళో పోస్టు. ఎవరికి ఎవరితో పడకపోయినా నా దగ్గరికే వస్తారు, దానికి వెళ్ళి ఇలా చెప్పు అంటారు, నేను వెళ్ళి అలా చెప్పి వస్తాను, వాళ్ళు కలిసిపోతారు. ఎంత ఓర్పు ఈ పిల్లకి అంటారు పెద్దవాళ్ళు. ఓర్పా, భయమా అనేది నన్నడిగితే కదా చెప్పేది. అడిగినా చెప్పలేననుకో. ఇంట్లోకి అడుగు పెడుతూనే పెడలు చప్పుడు వింటాను, టకటకమని ఒకే తీరుగా పోతుంటే పరవాలేదు, ఆగి ఆగి పోతుంటే పుస్తకాల సంచీ కింద పెట్టకుండానే మాటలు వెతుక్కోవడం మొదలుపెడతాను.

మూడూ ఇరవై ఆరు. లోపల ఎవరో కుర్చీ జరిపారు. అమ్మ అయితే కుర్చీని ఎత్తి పెడుతుంది, ఈడ్చదు, అంటే నాన్నే. నాన్న ఎందుకు జరిగాడు, దగ్గరికా, దూరానికా. ఈ తలుపు మందం చూస్తే కోటకు చేయించినట్టుంది, ఇంత మందం తలుపు బడికెందుకు. మా ఇంట్లో గదుల మధ్య తెరలే, తెరకు అవతల నిట్టూర్పు కూడా వినపడుతుంది. గొడవంతా మొదలైంది నా వల్లే, ఆ సంగతి ఎవరికీ తెలీదు. అయిదు నెలల కిందట ఒక సాయంత్రం ఇద్దరు మనుషులు కోట్లు కుట్టించుకోవడానికి వచ్చారు, ఒకాయన సన్నగా ఉన్న బ్యాంకాయన, ఇంకొకావిడ కాస్త భారీగా ఉన్న లాయరమ్మ. అమ్మ కొలతలు చెప్పింది, నేను రెండు చీటీల మీద రాశాను. అప్పటికే అమ్మానాన్నలు వంటింట్లో మొదలుపెట్టిన మాటను దుకాణంలో నవ్వుల కింద దాచి కొనసాగిస్తున్నారు, అది నాకు వినపడుతూనే ఉంది, అది ఎక్కడికి పోతుందో అని వింటూ వింటూ చీటీలు గుడ్డలకు గుచ్చాను. మా అమ్మ గుండుసూది ఏటవాలుగా గుచ్చుతుంది, నేను అడ్డంగా గుచ్చుతాను, ఎన్నిసార్లు చెప్పినా నా చెయ్యి అలాగే పోతుంది. ఆయన చీటీ ఆవిడ గుడ్డకు, ఆవిడ చీటీ ఆయన గుడ్డకు. లాయరమ్మ వచ్చి కోటు తొడుక్కుంటే చేతులు చంకల దగ్గరే ఆగిపోయాయి, ఆవిడ అద్దంలో తనను తాను చూసుకుంటూ నిలబడింది. నాన్న ఆవిడ ఎదురుగానే, "బుద్ధి ఒకచోట, చెయ్యి ఒకచోట పెట్టుకు కొలిస్తే ఇంతే" అన్నాడు. అమ్మ ఇంకా కుదురుగా, "కత్తెర పట్టిన ప్రతివాడూ మొనగాడనుకుంటే ఇంతే" అంది. అంతే, ఆ తర్వాత ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు. నాన్న పడక కత్తిరించే బల్ల మీదికి మారింది. అమ్మ పేరు ఇంట్లో వినపడడం మానేసింది, ఆవిడ మీ అమ్మ అయింది, ఆయన మీ నాన్న అయ్యాడు. ఇద్దరూ నాకే చుట్టాలు, ఒకరికొకరు ఏమీ కారు. నేనే చీటీలు మార్చానని ఆ క్షణంలో చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ వాళ్ళ ముఖాలు చూసి మూసుకున్నాను, మూసుకున్న నోరు ఒకరోజు గడిస్తే తెరుచుకోదు. ఇల్లు విరిగింది నా చేత్తో, కాబట్టి అతికించాల్సింది నేనే అనుకున్నాను. ఇప్పుడూ అనుకుంటున్నాను.

నా యూనిఫాం చేతి అంచు దగ్గర పాత కుట్టు గీత తెలుస్తోంది, ఈ బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచీ దాన్ని గోటితో గీకుతున్నాను. నాన్న పిల్లల బట్టలకు లోపల రెండంగుళాలు గుడ్డ వదులుతాడు, పెరిగినప్పుడు కుట్టు విప్పుకోవచ్చని. దండగ, లోపల గరగరలాడుతుంది అంటుంది అమ్మ. నిజంగానే గరగరలాడుతుంది. నిజంగానే మూడుసార్లు విప్పి వదులు చేశారు కూడా. ఈ ఇంట్లో ఇద్దరూ చెప్పేది ఎప్పుడూ నిజమే, అదే నా ఖర్మ. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు, ఆ సామెత కట్టినవాడు కప్ప గురించీ పాము గురించీ ఆలోచించాడు కానీ మధ్యలో నిలబడి న్యాయం చెప్పాల్సినవాడి గురించి ఆలోచించలేదు. మా దుకాణంలో కొత్త బట్టలు తొడుక్కుని చూసుకునేందుకు మూడు పలకల అద్దం ఉంది. ఎవరూ లేనప్పుడు అందులో నిలబడతాను. నాకు కోపమొచ్చి మాట్లాడకపోతే అమ్మ అంటుంది, "అచ్చం మీ నాన్న, ఆ బిగుసుకుపోవడం చూడు." నేను ఎదురు మాట్లాడితే నాన్న అంటాడు, "ఆ ముక్కు, ఆ మాట, మీ అమ్మను పోతపోసినట్టు." అంటే నేను ఊరుకుంటే అమ్మకు పడదు, మాట్లాడితే నాన్నకు పడదు. అందుకని నాన్న ముందు ముక్కు కనపడకుండా తల వంచుకుంటాను. అమ్మ ముందు నోరు బిగించకుండా పెదాలు కాస్త తెరిచి ఉంచుతాను, వెర్రిదానిలా ఉంటుంది, అయినా ఉంచుతాను. నా నవ్వు అమ్మది, దాన్ని నాన్న ఉన్నప్పుడు వాడను. నా నడక నాన్నది, అమ్మ చూస్తుంటే మెల్లగా నడుస్తాను. అద్దంలో ఎడమ పలక, కుడి పలక చూసుకుని సరిచేసుకుంటాను. మధ్య పలకలో తిన్నగా కనపడేది ఎవరో నేను ఎప్పుడూ ఆగి చూడలేదు, చూడాలంటే భయం, అక్కడ ఎవరూ లేకపోతే?

అదే పట్టుకుంది మా టీచరు. పోయిన వారం ఒక పేజీ రాయమంది, నా గురించి అని. మిగతావాళ్ళు క్రికెట్ గురించీ కుక్కపిల్లల గురించీ పూనకం వచ్చినట్టు రాశారు. నేను పేజీకి నిలువుగా మధ్యలో గీత గీసి, ఎడమ వైపు అమ్మకు నాలో నచ్చేవి, నచ్చనివి రాశాను, కుడి వైపు నాన్నకు నచ్చేవి, నచ్చనివి రాశాను. రెండు వైపులా వరసలు సమానంగా ఉన్నాయో లేదో లెక్కపెట్టాను కూడా, అమ్మ వైపు ఒకటి తగ్గితే కల్పించి చేర్చాను. ఆవిడ ఎర్రపెన్నుతో గీత మీదే రాసింది, ఇందులో నువ్వెక్కడ అని. తర్వాత స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, "నీకేమిష్టం?" అంది. నేను ఆవిడ ముఖం చూశాను. ఆవిడకేమిష్టమో వెతికాను, టేబుల్ మీద మొక్క ఉంది, "మొక్కలు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "ఆ మొక్క నాది కాదు, సైన్సు మాస్టారిది" అంది. ఇంకొకటేదో చెప్పబోయాను, ఏదీ రాలేదు, మొట్టమొదటిసారి నాకు మాట దొరకలేదు, ఏడుపొచ్చింది, దానికీ ఆవిడకు క్షమాపణ చెప్పాను. అప్పుడే ఆవిడ అంది, "మీ అమ్మానాన్నల్ని ఇద్దర్నీ రమ్మను." ఇద్దర్నీ. ఆ మాటను కూడా మెత్తగా చేసి ఇంటికి మోశాను, నా మార్కుల గురించి పొగడాలట అని. అందుకే కదా ఇవాళ మధ్యాహ్నం నేను పిలవడానికి వెళ్తే ఇద్దరూ బయలుదేరారు, వీధికి ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు, నేను రోడ్డు నడుమ.

మూడూ ముప్పై మూడు. నడుమ అంటే గుర్తొచ్చింది, కాదు, మర్చిపోయిందెప్పుడు. ఆరో తారీకున నాన్న సుద్దముక్కతో గీత గీస్తూ తలెత్తకుండా అన్నాడు, "మీ అమ్మకు చెప్పు, ఈ నెలాఖరుకి నేను వేరే గది చూసుకుంటున్నా." నేను నాలుగడుగులు నడిచాను. ఒకటో అడుగులో అర్థం కాలేదు, రెండో అడుగులో అయింది, మూడో అడుగులో వేరే మాట వెతికాను, నాలుగో అడుగుకు అమ్మ తలెత్తి "ఏంటట?" అంది. "నెలాఖరులోగా నడిమి గదికి రంగు వేయిద్దామంటున్నాడు నాన్న" అన్నాను. నెలాఖరూ గదీ నాన్నవే, మిగతాది నేను అతికించాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, నేను కుట్టుపని వాళ్ళ పిల్లను. అమ్మ చాలాసేపు నా వైపు చూసింది. మర్నాడు రంగుల షాపు నుంచి కార్డు తెచ్చుకుంది, చిన్న చిన్న చదరాలుగా రంగులన్నీ అంటించిన కార్డు, దాన్ని మిషను పక్కనే పెట్టుకుని దారం తెగినప్పుడల్లా చూసుకునేది. "మీ నాన్నకు ఏది బాగుంటుందో అడుగు" అంది. నేను దుకాణంలోకి వెళ్ళి నిలబడి నూరు లెక్కపెట్టి వచ్చి, "నీ ఇష్టమేనట" అన్నాను. "ఎప్పుడూ ఇంతే ఆయన" అని అమ్మ నవ్వింది, నా నవ్వు, ఎన్నాళ్ళకో. రంగు చుక్కలు పడకుండా నాన్న బట్టలన్నీ షెల్ఫులోంచి తీసి, మడతలు పెట్టి, పాత దుప్పట్లో మూటకట్టి గుమ్మం పక్కన పెట్టింది. నాన్న మూట చూశాడు. "ఎవరు సర్దారు?" "అమ్మ." "అలాగా" అన్నాడు. ఆ అలాగాలో ఏముందో నాకు తెలుసు, పో అంటే పోయేవాణ్ణే కదా, మూట కూడా కట్టాలా అని ఉంది. "మీ అమ్మకు చెప్పు, శ్రమ పడొద్దని, నాది నేను సర్దుకుంటా" అన్నాడు. నేను వెళ్ళి, "అమ్మా, నువ్వు శ్రమ పడొద్దంటున్నాడు నాన్న, తనది తను సర్దుకుంటాడట" అన్నాను. ఈ అయిదు నెలల్లో ఒక్క అక్షరం మార్చకుండా చెప్పింది అదొక్కటే. అమ్మ చెంపలు ఎర్రబడ్డాయి. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి విప్పి దాని కింద ఊరికే చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

ఇవాళ ఇరవై ఎనిమిది. పొద్దున బల్ల మీద కత్తెర లేదు. అది నాన్న వాళ్ళ నాన్న కత్తెర, పిడి దగ్గర నల్లరంగు అరిగిపోయి ఇత్తడిలా మెరుస్తుంది, దాన్ని మా అమ్మను కూడా ముట్టనివ్వడు. గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకున్నాడు, సంచీ నోట్లోంచి గుడ్డ అంచు కనపడింది. బట్టల మూట ఎవరైనా మోస్తారు, కత్తెర తీశాడంటే ఇక వెళ్ళిపోతున్నట్టే. కాజాల పెద్దమ్మ పక్కన కూలబడి మొత్తం చెప్పేశాను, రంగు సంగతి, దీపం సంగతి, చీటీల సంగతి. ఆవిడ సూది ఆపలేదు. కాజా చుట్టూ తిప్పుతూనే ఉంది. "చివికిపోయిన గుడ్డకు ముల్లు తగిలిందనుకో, చిరుగుతుంది. ముల్లును తిడితే ఏమొస్తుందే" అంది. "నేనే కదా పెద్దమ్మా ముల్లుని" అన్నాను. "ముల్లువి కూడా కాదు నువ్వు, ముల్లుకు అంత తెలివేదీ" అని దారం పళ్ళతో కొరికి తెంపింది. ఓదార్చిందో తిట్టిందో అర్థం కాలేదు. మూడూ నలభై. లోపలి నుంచి అమ్మ గొంతు. మాటలు కావు, గొంతే. పైకి లేవలేదు. అమ్మ గొంతు పైకి లేస్తే నాకు భయం లేదు, పైకి లేచింది దిగుతుంది. కింది గొంతుతో ఒక మాట అడుగుతోంది, మళ్ళీ అదే మాట అడుగుతోంది. నాన్న గొంతు లేదు. టీచరు గొంతు లేదు. వెళ్ళి తలుపుకు చెవి పెట్టనా, తలుపు తోసుకుని వెళ్ళి, అమ్మా, నాన్న ఏమన్నాడంటే అని మొదలుపెట్టనా, ఇంకా సమయం ఉంది, ఏ మాట అన్నా తిప్పడానికి ఇంకా సమయం ఉంది, నా దగ్గర మాటలున్నాయి, నాలుగైదు సిద్ధంగా ఉన్నాయి, నన్ను లోపలికి రానిస్తే చాలు. లేచి నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది.

"రామ్మా" అంది టీచరు. గదిలో గోడవారగా మూడు కుర్చీలు ఒకే వరసలో ఉన్నాయి. ఈ చివర అమ్మ, ఆ చివర నాన్న, మధ్యది ఖాళీ. ఎవరూ చెప్పకుండానే నా చోటు నాకు వదిలిపెట్టి కూర్చున్నారు, ఇంట్లో ఎలా కూర్చుంటారో అలాగే. నాన్న మెడలో కొలతల టేపు వేలాడుతోంది, తీసి రావడం మర్చిపోయాడు. టేబుల్ మీద నా పేజీ, దాని పక్కన అమ్మ రంగుల కార్డు, సంచీలో వేసుకొచ్చిందన్నమాట, నీలం చదరం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. అమ్మ నాన్న వైపు చూడలేదు, నా వైపే చూసింది. "రంగు సంగతి మీ నాన్నకు తెలీదట" అంది.

"తెలీదమ్మా. అది నేనే అన్నాను."

"శ్రమ పడొద్దన్నది?"

"అది నాన్నే అన్నాడు. వేరే దానికి అన్నాడు."

అమ్మ అడగాలా వద్దా అన్నట్టు, చాలా చిన్నగా, "దీపం వేసుకోమన్నది?" అంది. ఇన్ని మాటల్లో ఆవిడ దాచుకున్నది ఆ మాటనా. "సగం" అన్నాను. నాన్న మెడలోని టేపు కొస వేలికి చుట్టుకుంటూ విప్పుతూ చుట్టుకుంటున్నాడు. ఇక ఇంత దూరం వచ్చాక దేనికి దాచాలి అనిపించింది, ఎవరూ అడగకుండానే, "ఆ లాయరమ్మ కోటు చీటీలు కూడా నేనే మార్చి గుచ్చాను, అమ్మ తప్పు కాదు, నాన్న తప్పు కాదు" అనేశాను. అయిదు నెలలుగా మోసిన మాట, అది కింద పడితే పెద్ద చప్పుడవుతుందనుకున్నాను. నాన్న తలెత్తలేదు. "తెలుసు" అన్నాడు. "అడ్డంగా గుచ్చిన సూది, నీది కాక ఎవరిది." నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కళ్ళు దించుకుంది. ఆవిడకూ తెలుసు. కోటు గొడవైన రోజునే, మిగిలిన ముక్కకు గుచ్చి ఉన్న చీటీ చూసి ఇద్దరికీ తెలిసిపోయింది. నన్ను అనకుండా ఉండటానికి ఒకరినొకరు అనుకున్నారో, ఒకరినొకరు అనుకోవడానికి నా సూది దొరికిందో నాకు తెలీదు, కానీ ఈ అయిదు నెలల్లో ఏ రాత్రయినా ఇద్దర్లో ఎవరో ఒకరు వచ్చి, నీ వల్ల కాదమ్మా అని ఒక్క మాట అనుండొచ్చు కదా. ఎవరూ అనలేదు. నాకు కోపమొచ్చింది. పెదాలు బిగుసుకున్నాయి, నాన్నలా బిగుసుకున్నాయి, అమ్మ చూస్తోంది, చూడనీ అనుకున్నాను.

"మరి ఆ రోజు మీ నాన్న ఏం చెప్పమన్నాడే?" అంది అమ్మ.

నాన్న అక్కడే ఉన్నాడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు, మధ్యన ఒక్క కుర్చీ. అయినా అమ్మ నన్నే అడిగింది. నాన్న కూడా నా వైపే చూశాడు, చెప్పు అన్నట్టు కాదు, చెప్పొద్దన్నట్టూ కాదు, ఏదో ఒకటి నువ్వే చూసుకో అన్నట్టు. నా నోట్లో రెండు మాటలూ సిద్ధంగా ఉన్నాయి. ఒకటి అబద్ధం, దానికి ఎక్కడా కుట్టు కనపడదు, అది చెబితే అమ్మ ముఖం మళ్ళీ వెలుగుతుంది, రెండు రోజులు. రెండోది నిజం, ఇరవై రెండు రోజులుగా నాలుక కింద పెట్టుకున్నది. ఏది చెప్పినా నా గొంతులోనే అమ్మకు వినపడుతుంది. వెళ్ళిపోతున్నానని నాన్న అనడు, నేనంటాను, ఆ గొంతు అమ్మకు జీవితాంతం గుర్తుంటుంది. ఇది నా మాట కాదు కదా అనిపించింది. ఇంత చిన్న సంగతి, ఇన్నాళ్ళూ ఎలా తట్టలేదో. నేను ముందుకెళ్ళి మధ్య కుర్చీని రెండు చేతులా ఎత్తి, ఈడ్చకుండా ఎత్తి, కిటికీ పక్కన పెట్టాను. వాళ్ళిద్దరి నడుమా నేల మాత్రం మిగిలింది. "నాన్న ఇక్కడే ఉన్నాడుగా" అన్నాను. "నువ్వే అడుగు."

ఇప్పుడే ఇల్లు కూలిపోయిందని, కూల్చింది నేనేనని ఒక పక్క అనిపిస్తూనే ఉంది. టీచరు, "కూర్చుంటావా, బయటికెళ్తావా? నీకెలా కావాలి?" అంది. ఆవిడ ముఖం చూడలేదు ఈసారి. కడుపులో ఇందాకటి నుంచీ కదులుతున్నదేదో తెలిసింది. "నాకు ఆకలేస్తోంది మేడమ్" అన్నాను, "మధ్యాహ్నం తినలేదు." "వెళ్ళి తిను" అందావిడ. నేను డబ్బా ఉన్న సంచీ తగిలించుకుని బయటికి నడిచాను, నాన్న నడకే, మెల్లగా ఏమీ నడవలేదు. తలుపు దగ్గరికి లాగుతుంటే లోపల నాన్న అమ్మను పేరు పెట్టి పిలిచాడు. చాలాకాలం పలకని పేరు కదా, మొదటిసారి సరిగ్గా రాలేదు, గొంతు సవరించుకుని మళ్ళీ పిలిచాడు. అమ్మ "ఊఁ" అంది. ఆ తర్వాతి మాట వినడానికి నేను ఆగలేదు. తలుపు పూర్తిగా మూసి, మెట్లు దిగి, కుళాయి పక్కన గట్టు మీద కూర్చుని డబ్బా మూత తీశాను.